మామూలుగానే ఉంటాడు

లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయినప్పుడు అందులో ఉన్నది ఇద్దరే. ఒకరు మా మనవరాలు. ఇంకొకరు ఎవరో పొడుగాటి అబ్బాయి, భుజాన బరువైన సంచీ, చొక్కా మోచేతి దగ్గర గ్రీజు మరక.

ఆగీ ఆగగానే అతను సంచీ కింద పెట్టి స్క్రూడ్రైవర్ బయటికి తీశాడు.

"ఏమండీ, ఏం చేస్తున్నారు? దాన్ని ముట్టుకోకండి!" అంది మా పిల్ల.

"ఏం, ఎందుకని?"

"అది గవర్నమెంటు లిఫ్టు."

"తెలుస్తూనే ఉందండీ. అందుకే ఆగింది."

మా పిల్లకి కోపం ముక్కు మీదే ఉంటుంది. "జోకులు తర్వాత వేద్దురుగాని. అలారం నొక్కాను. మెకానిక్ వస్తాడు."

"అలారం వైరు ఊడి వేలాడుతోంది చూడండి. మీరు నొక్కింది మీకూ నాకూ తప్ప ఎవరికీ వినపడలేదు. మెకానిక్ మాత్రం వచ్చేశాడు."

"ఏడీ?"

అతను స్క్రూడ్రైవర్ పిడితో తన గుండె మీద తట్టి చూపించాడు.

ఏదో మూత విప్పాడు, ఏదో వైరు బిగించాడు. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ఆ కుదుపుకి మా పిల్ల అతని సంచీ పట్టీ గట్టిగా పట్టుకుంది. తలుపు తెరుచుకున్నాక కూడా వదల్లేదట. "మేడమ్, సంచీ నాది" అన్నాడట.

సరే, బయటికొచ్చారు. ఇది గబగబా నడుస్తోంది. వెనకే అతనూ గబగబా.

"ఎందుకండీ నా వెంట పడుతున్నారు?"

"నేను నా దారిన పోతున్నాను. మీరే నాకంటే ముందు నడుస్తున్నారు."

అలా ఇద్దరూ వెళ్ళి ఒకే తలుపు ముందు ఆగారు. ఇది తాళంచెవి తీసింది. అతను జుట్టు సరిచేసుకున్నాడు. అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీరు... పాప వాళ్ళ అన్నయ్యా?"

"మీరేనా కొత్తగా వచ్చిన మేడమ్?"

మా పిల్ల గడియారం వైపు చూసింది. చూడటానికి వచ్చేవాళ్ళు ఆలస్యమైతే ఆ పూట పిల్లని కలవడం రద్దు, అదీ అక్కడి నియమం. ఉద్యోగంలో చేరిన రోజే పెద్ద మేడమ్ గట్టిగా చెప్పింది, జాలిపడితే అందరూ నెత్తికెక్కుతారని. ఇది ఆ మాటే అతనికి అప్పజెప్పింది. అప్పటిదాకా నవ్వుతున్న అతని మొహం ఒక్కసారిగా పాలిపోయిందట.

"మేడమ్, నేను ఆలస్యమైతే మీరూ ఆలస్యమే కదా? ఇద్దర్నీ రద్దు చేస్తే లోపల మా చెల్లి ఒక్కతే మిగులుతుంది" అన్నాడు.

పాపని లోపల కూర్చోబెట్టి కాగితాల కోసం కిందికి వెళ్ళొచ్చిన మా పిల్ల తాళం తీసింది.

మా మనవరాలిది కుటుంబ సేవల ఆఫీసు. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగమే అయినా ఆ ఆఫీసులో దానికన్నా కింద మెట్టు లేదు. ఇంకా దిగితే వీధిలోకే. ఉద్యోగం పేరు ఇంత పొడుగు, నాకు నోరు తిరగదు. పని మాత్రం బాగా తెలుసు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకముందే చెప్పడం మొదలుపెట్టేది మరి. ఉద్యోగం ఈ ఊళ్ళో వచ్చింది, నేను ఈ ఊళ్ళో ఉన్నాను, అందుకని నా దగ్గరే ఉంటోంది. రెండు గదుల ఇంట్లో మా ఇద్దరికీ ఒకరి మాటలు ఒకరికి సరిపోయేవి.

ఇంట్లో చూసేవాళ్ళు లేని పిల్లల్ని, చూసేవాళ్ళుండీ చూడని పిల్లల్ని ప్రభుత్వం తీసుకెళ్ళి వేరేవాళ్ళ ఇళ్ళల్లో ఉంచుతుంది. వాళ్ళని వ్యానులో ఆఫీసుకి తీసుకురావాలి. దారిలో వాంతి చేసుకుంటే తుడవాలి. సొంతవాళ్ళు చూడటానికి వస్తే ఆ గదిలో ఒక మూల కుర్చీ వేసుకుని కనిపెట్టి ఉండాలి. టైమైపోయాక ఏడ్చే పిల్లని మళ్ళీ వ్యాను ఎక్కించాలి. "ముందువన్నీ ఎవరైనా చేస్తారమ్మమ్మా, ఆ చివరిదానికే నాకు జీతమిస్తున్నారు" అనేది.

ఆ గదిని నేను చూడలేదు, అయినా ఈ రోజుకీ కళ్ళకు కట్టినట్టుంటుంది. కిటికీ ఉంది, తెరుచుకోదు. చిరిగిన రెక్సిన్ సోఫా. చక్రం లేని బొమ్మ లారీ. మూతలు పోయి ఎండిపోయిన స్కెచ్ పెన్నులు. గోడ మీద నవ్వే సూర్యుడు, వాడి కన్నొకటి ఎవరో గోళ్ళతో గీకేశారు. తలుపు పక్కన నియమాల బోర్డు. గుసగుసలాడకూడదు, ఫోన్లు చూపించకూడదు, కానుకలు తేకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, పిల్లలకి మాటివ్వకూడదు. "ఇంటికి తీసుకెళ్తాను", "మళ్ళీ కలిసుంటాం" అనే మాటలు నోట రాకూడదు. రేపు అది జరక్కపోతే ఆ పసి ప్రాణాలు తట్టుకోలేవని. నియమం మంచిదే. పాటించేవాడికి మాత్రం నోరు కుట్టేసినట్టుంటుంది.

ఆ అన్నాచెల్లెళ్ళకి తల్లి పోయింది. తండ్రి తాగి తాగి, పిల్లని గదిలో పెట్టి తాళం వేసి ఎటో వెళ్ళిపోయాడు. పక్కవాళ్ళు ఏడుపు విని తలుపు బద్దలు కొట్టించారు. అప్పటికి ఈ అబ్బాయి ఇంకో ఊళ్ళో లిఫ్టుల కంపెనీలో పనిచేస్తూ నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. కబురు తెలిసి పరిగెత్తుకొచ్చేసరికి పిల్ల ప్రభుత్వం చేతిలో ఉంది. అప్పట్నుంచీ వారం వారం వచ్చి చూసిపోతున్నాడు. చెల్లెల్ని తనకి ఇమ్మని అర్జీ పెట్టుకున్నాడు. అతనికి ఈ లోకంలో కావలసింది అదొక్కటే. దాన్ని పిచ్చుక అని పిలిచేవాడు.

"అన్నయ్యా, ఇంటికెప్పుడు?" అనేదట పిచ్చుక, సోఫా ఎక్కీ ఎక్కకముందే.

అతను బోర్డు వైపు ఒకసారి, మా పిల్ల వైపు ఒకసారి చూసేవాడు. "మధ్యాహ్నం ఏం తిన్నావు?"

"ఇంటికెప్పుడూ?"

"పన్ను ఊగుతోందన్నావుగా, ఊడిందా? ఏదీ, నోరు తెరువు."

పిచ్చుక మా పిల్ల వైపు తిరిగి, "మేడమ్, మా అన్నయ్యకి చెవుడొచ్చింది" అని ఫిర్యాదు చేసేది.

ఇంకోరోజు జడ వేస్తానని కూర్చోబెట్టాడట. పాయలు తీస్తాడు, అవి వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. మా పిల్లకి చేతులు దురద, వెళ్ళి తనే వేసేద్దామని. వేయకూడదు. మూల కుర్చీలోంచి లేవకూడదు.

"వారమంతా వైర్లతో ప్రాక్టీసు చేశానే" అన్నాడట చెల్లెలితో.

"అందుకే అంత గట్టిగా లాగుతున్నావు. నేనేమన్నా లిఫ్టునా?"

మా పిల్లకి నవ్వాగలేదు. నవ్వడం కూడా ఉద్యోగంలో లేదు కాబట్టి దగ్గింది. అతను తలెత్తి చూశాడు. "మేడమ్‌కి నీళ్ళివ్వు పిచ్చుకా, పాపం దగ్గు" అన్నాడు.

ఆ దగ్గు గురించి నాకు ఆ సాయంత్రం అన్నం తినేటప్పుడు చెప్పింది. పడుకునే ముందు మళ్ళీ చెప్పింది. మర్నాడు నిద్ర లేక ముగ్గు పిండిలా పాలిపోయిన మొహంతో లేచి, "ఎక్కువగా నవ్వానంటావా?" అని అడిగింది. అప్పుడే నాకు అర్థమైంది. చెప్తే వినే వయసు కాదు, చెప్పకపోతే తెలియని వయసూ కాదు.

తర్వాత ఒకరోజు కుండపోత వాన. వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా పారుతున్నాయి. మా పిల్ల పొడి జుట్టుతో ఇంటికొచ్చింది.

"ఏమే, గొడుగు ఇంట్లోనే పెట్టి వెళ్ళావు కదా?"

"బస్సు స్టాపులో నిలబడ్డానమ్మమ్మా."

"మన బస్సు స్టాపుకి పైకప్పు లేదు కదే."

"ఎవరో గొడుగు పట్టారు."

"ఎవరో అంటే?"

"ఏమీ లేదు, ఊరికే."

"ఊరికే పట్టినవాడి గొడుగు ఏ రంగు?"

"నలుపు. ఒక ఊచ విరిగింది. దానికి రాగి వైరు చుట్టి..." అని నాలిక కరుచుకుంది.

నేను నవ్వాను. అది నవ్వలేదు. తువ్వాలు తీసుకుని పొడి జుట్టునే తుడుచుకుంటూ కూర్చుంది. కాసేపటికి, "ఇది తప్పమ్మమ్మా" అంది. "మేం చూసే కుటుంబాలతో మాకు ఏ సంబంధమూ ఉండకూడదు. బయట పడితే నా ఉద్యోగం పోతే పోయింది. అతని అర్జీని కూడా అనుమానిస్తారు. పిచ్చుకని ఇవ్వరు."

"మరి?"

"మరేముంది. అర్జీ తేల్చే కమిటీ అయ్యేదాకా మాట్లాడనని చెప్పేస్తాను."

చెప్పింది కూడా. ఎలా చెప్పిందో, అతనేమన్నాడో, అక్షరం పొల్లుపోకుండా నాకు తెలుసు.

"ఇకనుంచి నేను ఈ స్టాపులో ఉంటాను. మీరు అవతలి స్టాపులో నిలబడండి."

"ఎప్పటిదాకా మేడమ్?"

"కమిటీ అయ్యేదాకా."

"ఆ తర్వాత?"

"మాటివ్వకూడదు కదా" అంది మా పిల్ల.

"నేను పిల్లాణ్ణి కాదు కదా."

"అయినా సరే."

అతను నవ్వి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ వాన పడ్డ రోజు ఇది ఇవతల తడుస్తూ నిలబడితే, అతను అవతల గొడుగు మూసి చేత్తో పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. ఇది గొడుగు వేసుకోమని చేత్తో సైగ. అతను ఏమీ కనపడనట్టు ఆకాశం కేసి చూడటం. మధ్యలో బస్సులూ లారీలూ ఇద్దరి మీదా బురద చల్లిపోవడం. ఇంటికొచ్చి తుమ్ముతూ తుమ్ముతూ అతన్ని తిట్టిన తిట్లు వింటే ఎవరికైనా తెలిసిపోతుంది. అంత సంతోషంగా తిట్టడం నేను మళ్ళీ వినలేదు.

ఈలోగా పిచ్చుక కోసం ఇంకో అర్జీ వచ్చింది. వేరే ఊళ్ళో ఇద్దరూ టీచర్లుగా ఉన్న దంపతులు. పిల్లల్లేరు. పిల్లని శాశ్వతంగా పెంచుకుంటామన్నారు. మంచివాళ్ళు, అందులో అబద్ధమేమీ లేదు. అబ్బాయి కూడా ఊరికే కూర్చోలేదు. ఈ ఊళ్ళోనే పని మార్పించుకున్నాడు. చిన్న ఇల్లు తీసుకున్నాడు. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నారని కబురొస్తే వేళకాని వేళ పరిగెత్తాలి కనుక, తను లేనప్పుడు పిల్లని చూడటానికి ఇంటిగలావిడని ఒప్పించుకున్నాడు. పిల్ల ఎక్కడ ఉండాలో కమిటీ తేలుస్తుంది. కమిటీ అంటే పెద్ద మేడమ్, ఒక డాక్టరుగారు, ఒక లాయరు.

కమిటీ రోజు పొద్దున వ్యాను డ్రైవరు మా పిల్లని ఆటపట్టించాడట. మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు. "ఏంటి మేడమ్, లిఫ్టబ్బాయి మాటెత్తితే బుగ్గలు ఎర్రబడుతున్నాయి? ఆఫీసంతా చూస్తోంది మరి!"

వాడు ఊరికే అన్నాడు. మా పిల్ల గుండెల్లో రాయి పడింది.

లోపల అన్నీ చదివారు, అన్నీ లెక్కలు చూశారు. ఇటు సొంత అన్న, అటు మంచి ఇల్లు. ఎటూ తేలలేదు. అప్పుడు పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి మా పిల్ల వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఆ గదిలో రోజూ కూర్చునేది నువ్వే కదా. ఇందులో రాయనివి కూడా నువ్వు చూసే ఉంటావు. ఆ అబ్బాయి చెల్లెలితో ఎలా ఉంటాడు?"

ఎలా ఉంటాడా? నన్నడిగితే పొద్దు వాలేదాకా చెప్పేదాన్ని. మా పిల్లకైతే ఇంకెంత తెలుసు! కానీ నోరు తెరిస్తే గొంతు వణికిపోతుందనిపించింది. ఒక్క మంచి మాట చెప్పినా దాని వెనకాల ఇంకోటి, ఇంకోటి తోసుకొచ్చేస్తాయి. మొహంలో కనపడిపోతుంది. ఇదంతా ప్రేమతో చెప్తోంది అని పసిగడితే అతనికే చేటు. అలా అనుకుంది పిచ్చితల్లి. అతన్ని కాపాడుతున్నాననుకుంది.

"మామూలుగానే ఉంటాడు మేడమ్" అంది.

"మామూలుగా అంటే?"

"అంటే... వస్తాడు. కూర్చుంటాడు. టైమవగానే వెళ్ళిపోతాడు."

"పిల్ల?"

"పిల్లా మామూలుగానే ఉంటుంది."

లాయరుగారు తల ఊపాడు. డాక్టరుగారు ఏదో రాసుకుంది. పెద్ద మేడమ్ మాత్రం ఇంకేమైనా చెప్తుందేమోనని ఒక క్షణం చూసిందట. మా పిల్ల తల వంచుకుంది. పిల్లని టీచర్లకి ఇవ్వడానికి నిర్ణయమైపోయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులతోనే లోపలికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. నేను భయపడి నుదురు పట్టి చూశాను. జ్వరం లేదు. "ఏమైందే, చెప్పవే" అని బతిమాలితే అప్పుడు చెప్పింది, ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ. మామూలుగానే అన్నానమ్మమ్మా. మామూలుగానే ఉంటాడన్నాను.

మర్నాడు తెల్లారగానే వెళ్ళి పెద్ద మేడమ్ గది తలుపు తట్టింది. అంతా చెప్పేసింది. గొడుగు, బస్సు స్టాపు, జడ, దగ్గు. ఉద్యోగం తీసేసినా పర్వాలేదు, ఇప్పుడు నా మాట వినండి అని ఏడ్చింది.

పెద్ద మేడమ్ చెడ్డది కాదు. మా పిల్లని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"అతని మీద మనసుందని ముందే చెప్పి ఉంటే నిన్ను తప్పించి ఇంకొకర్ని కూర్చోబెట్టేదాన్ని. వాళ్ళు చూసింది వాళ్ళు చెప్పేవాళ్ళు. పోనీ చూసింది చూసినట్టు నిన్నయినా చెప్పావా, అదీ లేదు. ఇవాళ రెండూ కలిపి చెప్తున్నావు. ఇప్పుడు నీ మాట ఎవరు నమ్ముతారమ్మా?"

"మీరు నమ్ముతారా మేడమ్?"

"నేను నమ్ముతాను. నా నమ్మకం ఎక్కడా చెల్లదు."

అయినా పైకి రాసింది. పైనుంచి జవాబు వచ్చింది. నిర్ణయం మారదు, ఆ సహాయకురాలిని పిల్లలు రాని విభాగానికి పంపించండి అని. మా పిల్లని కింది అంతస్తులో పాత కాగితాలు సర్దే గదిలో వేశారు.

పిల్లని పంపించేముందు సొంతవాళ్ళకి ఒక చివరి కలయిక ఇస్తారు. ఆ రోజు మూల కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. మా పిల్ల కింద గదిలో పైకప్పు కేసి చూస్తూ నిలబడింది. పైన చిన్న పాదాలు పరిగెత్తితే తెలుస్తుందేమోనని. ఏమీ వినపడలేదట. తర్వాత వ్యాను డ్రైవరు చెప్పాడు. పిల్లని తీసుకెళ్ళడానికి పైకి వెళ్ళి గుమ్మంలో నిలబడి చూశాడట.

"ఇంటికెప్పుడని అడిగింది మేడమ్. అతను ఏం తిన్నావని కూడా అడగలేకపోయాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని బూట్ల లేసులు కట్టాడు. విప్పాడు. మళ్ళీ కట్టాడు. టైమైపోయేదాకా అదే పని."

ఆ సాయంత్రం మా పిల్ల రోడ్డు దాటి అవతలి స్టాపుకి వెళ్ళింది. అతను బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. దీన్ని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. ఇది కమిటీలో ఏమందో అతనికింకా తెలియదు మరి.

"కమిటీ అయిపోయింది కదా మేడమ్" అన్నాడు. "ఇక మాట్లాడుకోవచ్చు. ఏం మాట్లాడాలో తెలియట్లేదు."

"నన్నడిగారు" అంది ఇది, నిలబడే.

"ఏమని?"

"మీరు పాపతో ఎలా ఉంటారని. నేను... మామూలుగానే ఉంటాడన్నాను."

అతను దీని వైపు తిరిగాడు. "మామూలుగానా?"

"భయమేసింది. ఎక్కువ చెప్తే తెలిసిపోతుందని..."

"ఎక్కువ ఎవరు చెప్పమన్నారు? ఉన్నది చెప్తే చాలు కదా మేడమ్."

తిట్టి ఉంటే బాగుండేదంటుంది మా పిల్ల ఇప్పటికీ. ఒక దెబ్బ కొట్టినా బాగుండేదంటుంది. అతను లేచి, అప్పుడే వచ్చి ఆగిన బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. అది అతనింటికి వెళ్ళే బస్సు కూడా కాదు.

ఆ తర్వాత మా ఇంట్లో మాట పోయింది. వేళకి వెళ్ళేది, వేళకి వచ్చేది. ఏం చేశావే ఈ రోజు అంటే కాగితాలు సర్దానమ్మమ్మా అనేది. నేను నా చిన్నప్పటి కబుర్లు తవ్వి తీసి చెప్పేదాన్ని, ఊ కొట్టేది. ఒకసారి ఊ కొట్టాల్సిన చోట కాకుండా వేరే చోట కొట్టింది. అప్పుడు నాకు తెలిసింది, అది వినట్లేదని. దాని అమ్మానాన్నలు ఫోన్ చేసి సంబంధాలు చూడమంటావా అని అడిగితే మీ ఇష్టం అంది. మీ ఇష్టం అన్న ఆ గొంతు విని నా కూతురే ఫోను పెట్టేసి ఏడ్చిందట. వానాకాలం వెళ్ళింది. మళ్ళీ వానాకాలం వచ్చింది. వానొస్తే కిటికీ మూసేసేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. మా పిల్ల లోపలి గదిలో పడుకుని ఉంది. నేనే తీశాను. పొడుగాటి అబ్బాయి. గడ్డం పెరిగింది. అంతకుముందెన్నడూ చూడని మనిషే అయినా, చూడగానే పోల్చుకున్నాను.

"అమ్మమ్మగారేనా అండీ? వ్యాను డ్రైవరు అడ్రస్ ఇచ్చాడు. నేను..."

"తెలుసు నాయనా నువ్వెవరో. దాన్ని క్షమించి వచ్చావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "లేదండీ. అబద్ధమెందుకు. రాలేదండీ అంత మనసు."

"మరి?"

గుమ్మంలో నిలబడే చెప్పాడు. టీచర్లు మంచివాళ్ళు, రమ్మంటే వెళ్ళి పిచ్చుకని చూసొచ్చాడు. బొద్దుగా అయింది. పుస్తకం గడగడా చదివింది. ఆవిణ్ణి అమ్మా అని పిలుస్తోంది. అన్నయ్యని చూసి నవ్వింది, పక్కింటివాళ్ళని చూసి నవ్వినట్టు.

"ఆ గది గుర్తుందా అని అడిగానండీ. ఏ గది అంది. లిఫ్టునా అన్నావు గుర్తుందా అన్నాను. నేనెప్పుడన్నానూ అంది." అతను చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "చిన్నది కదండీ, మర్చిపోతుంది. మర్చిపోతేనే దానికి మంచిది కూడా. నాకేమో ఆలోచిద్దామంటే ఆ చివరి రోజు ఒక్కటే గుర్తొస్తోంది. ముందువన్నీ ఒక్కోటీ చెరిగిపోతున్నాయి. ఇంకెవరున్నారండీ చూసినవాళ్ళు? మీ మనవరాలొక్కతే."

"క్షమించాకే రమ్మంటే ఇంత పెద్ద ఊళ్ళో ఏ తలుపూ ఎవరూ తట్టరు నాయనా" అన్నాను. "లోపలికి రా. చెప్పులు అక్కడ విడువు."

లోపలి గది గుమ్మంలో మా పిల్ల నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో. అతన్ని చూసి గోడ పట్టుకుంది. ఒకప్పుడు గలగలమనే పిల్ల, నాలుగెముకలు మిగిలాయి. అతనూ చూశాడు ఆ సంగతి. కుర్చీ ఉన్నా నేల మీదే కూర్చున్నాడు. ఇది ఎదురుగా, కాస్త దూరంగా కూర్చుంది.

"చెప్పు" అన్నాడు. మేడమ్ అనలేదు, మీరు అనలేదు. "అక్కడ చెప్పనిదంతా ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"లాభం లేదు. నాకు తెలుసు. అయినా చెప్పు."

మా పిల్ల కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. తాళం తీయగానే పిచ్చుక సోఫా వెనక దాక్కుని ఉంది, అన్నయ్య గొంతు వినపడగానే ముందు దాని వేళ్ళు కనపడ్డాయి, సోఫా అంచు మీద, అని చెప్పింది. అతను ఎక్కడ కూర్చున్నాడో, కూర్చునేముందు గ్రీజు చేతులు ప్యాంటుకి ఎన్నిసార్లు తుడుచుకున్నాడో చెప్పింది. పిచ్చుక అతని జేబులో ఏముందో వెతికి, ఏమీ లేకపోతే తన దగ్గరున్న ఎండిపోయిన స్కెచ్ పెన్ను మూత అందులో వేసిందని చెప్పింది. ఒక్కోటీ చెప్తుంటే అతను మోకాళ్ళ మీద తల పెట్టుకుని వింటున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మా పిల్ల ఆగలేదు. ఆ కమిటీ వాళ్ళ ముందు చెప్పాల్సినదంతా మా ఇంటి నేల మీద పోసింది. దాని మనసులో మాట కూడా అందులోనే ఉంది. వేరే చెప్పక్కర్లేకపోయింది.

"జడ వేసిన రోజు అది పచ్చ గౌను వేసుకుంది. నువ్వు దాన్ని ఎత్తుకుని..."

అతను తల ఎత్తాడు. మొహమంతా తడి. "ఎర్ర గౌను" అన్నాడు.

"కాదు, పచ్చది."

"ఎర్రదే. నేను ఎత్తుకున్నాను. నాకు తెలియదా?"

"వ్యానులోంచి దింపింది నేను. గుండీలు పెట్టింది నేను. పచ్చది."

"ఎర్రది అంటుంటే!"

"పచ్చది!"

"నీకు రంగులు కూడా సరిగ్గా తెలియవా?"

"గవర్నమెంటు పరీక్షలో పాసయ్యాను, రంగులు తెలియకుండానేనా?"

ఇద్దరూ ఏడుస్తూనే అరుచుకుంటున్నారు. బయట చీకటి పడుతోంది. నేను లేచి లైటు వేసి, ముగ్గురికి సరిపడా బియ్యం కడగడానికి వెళ్ళాను.